పని తగ్గింది, పళ్లెం తగ్గలేదు

మా ఊరు పాలకీడులో నలుగురు పెద్దమనుషులు ఒకచోట కూర్చుంటే వానలు, వడ్ల ధర అయ్యాక మాట షుగరు మీదికి, బీపీ మీదికి మళ్లుతుంది. నేరేడుచర్లలో ఏ డాక్టరు బాగా చూస్తాడు, మిర్యాలగూడలో రక్త పరీక్షకు ఎంత తీసుకుంటున్నారు, కోదాడలో ఎవరి గుండెకు స్టెంటు పడింది, ఇవే ముచ్చట్లు. మా చిన్నతనంలో జబ్బులు లేవని అనను. ఆకలి ఉండేది, కలరా ఉండేది. ఇప్పటి జబ్బులు వేరు. ఇవి కడుపు నిండినవాళ్లకు, ఒంటికి పని తగ్గినవాళ్లకు వచ్చేవి.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలారు. అంతకుముందు ఈ మెట్ట నేలల్లో జొన్న, సజ్జ, కంది పండేవి. చాలా ఇళ్లలో పూటపూటకూ గటక, పండుగ నాడు వరన్నం. ఎడమ కాల్వ వచ్చాక మడులు నిండాయి, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది, అందరికీ అన్నం దొరికింది. అది ఈ ప్రాంతానికి జరిగిన గొప్ప మేలు. ఆ తర్వాత ట్రాక్టరు, మోటరు స్టార్టరు, వరికోత మిషను, గడపకో బండి వచ్చాయి. నడుం వంచి చేసే పని సగానికి సగం పోయింది. పళ్లెంలో అన్నం మాత్రం నాగలి పట్టిన రోజుల్లో ఎంత ఉండేదో అంతే ఉంది. మన జబ్బుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

ఇది మన ఊరి సంగతే కాదు. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. నేను రైతు ఇంట పుట్టి, బళ్లలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, ఈ వయసులోనూ పొద్దున్నే కాల్వకట్ట మీద నడుస్తున్నవాణ్ని. నాకు తెలిసింది, ఆచరించి చూసింది ఇక్కడ చెబుతున్నాను.

1. అన్నం తగ్గించండి, కూర పెంచండి

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు 2000 కేలరీలు చాలే మనిషికి తిండిగింజలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు కావాలంది. ఆ 250 గ్రాముల్లో పొద్దున ఇడ్లీ, రాత్రి చపాతీ కూడా కలిసే ఉన్నాయి.

దీన్ని మన లెక్కలో చూద్దాం. 2025 మార్చి 30న, ఉగాది రోజు, మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషికి పొద్దుటి టిఫిన్ పోను రెండు పూటలకూ ఆ బియ్యమే సరిపోతుంది. పొలంలో ఒళ్లు వంచేవాళ్లకు ఇంకొంత కావాలి. మరి మన ఇంట్లో మనిషికి నెలకు ఎన్ని కిలోలు అయిపోతున్నాయో ఒక్కసారి లెక్క వేసుకోండి.

పళ్లెంలో సగం కూరలకు, ఆకుకూరలకు వదలండి. పావు వంతు అన్నం. మిగిలిన పావు వంతు పప్పు, గుడ్డు, చేప, కోడికూర, మీ ఇంట ఏది తింటే అది. ముందు కూరా పప్పూ తిని, తర్వాత అన్నం జోలికి పొండి. ఒక్కసారే సగానికి కోస్తే రాత్రి ఆకలేసి నిద్ర పట్టదు. వారానికి ఒక పిడికెడు చొప్పున తగ్గించుకుంటూ రండి, కడుపు అలవాటు పడుతుంది.

కూరంటే కొనుక్కొచ్చిందే కానక్కర్లేదు. పుంటికూర, తోటకూర, గంగవాయిలి, పొన్నగంటి మన పెరట్లో, మడిగట్ల మీద దొరికేవే. గడ్డిమందు కొట్టిన గట్టు మీది ఆకు మాత్రం కోయొద్దు. బొబ్బర్లు, అనుములు, ఉలవలు మన తాతల నాటి మాంసకృత్తులు. వారంలో రెండు మూడు రోజులైనా వాటిని పొయ్యి మీదికి ఎక్కించండి.

2. తెల్లగా ఉన్న బియ్యమే మంచిదని అనుకోవద్దు

ఈ మాట అర్థం కావాలంటే జాతీయ పోషకాహార సంస్థ ఎలా పుట్టిందో తెలుసుకోవాలి. 1918లో ఇప్పటి తమిళనాడు కొండల్లోని కూనూరులో, రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద పరిశోధన మొదలుపెట్టాడు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది. బెరిబెరి బి1 విటమిన్ తక్కువై కాళ్ల సత్తువ, గుండె బలం తీసేసే జబ్బు. మిల్లాడించిన తెల్ల పచ్చి బియ్యం తినే కోస్తా తెలుగు జిల్లాల్లో అది ఎక్కువగా ఉండేది. ఉప్పుడు బియ్యం తినే చోట్ల అంతగా కనిపించేది కాదు.

కారణం మన మిల్లుల్లో పనిచేసేవాళ్లకు చెప్పనక్కర్లేదు. వడ్లను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడితే పైపొరలోని విటమిన్లు గింజ లోపలికి దిగుతాయి. పచ్చి వడ్లను ఆడి పాలిష్ పడితే అవన్నీ తవుడుతో పోతాయి. మన మిల్లుల్లో తయారైన ఉప్పుడు బియ్యం బయటి రాష్ట్రాలకు లారీల్లో పోతోంది, మనం మాత్రం మల్లెపూవు లాంటి అన్నమే కావాలంటున్నాం. సొంత వడ్లు ఆడించుకునే రైతులు మిల్లు దగ్గర ఒక పట్టు తక్కువ పట్టమని చెప్పండి. ఖర్చు పెరగదు. వారానికి కొన్ని పూటలు జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిజావ పెట్టుకోండి. బియ్యం కడిగేటప్పుడు పదేపదే పిసికి కడగొద్దు, వార్చిన గంజి పారబోయొద్దు.

3. ఉప్పు, నూనె ప్యాకెట్ల మీద తేదీ రాయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. గ్రాములు తూచుకుని ఎవరూ వండలేరు. అందుకే మా ఇంట్లో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజే దాని మీద పెన్నుతో తేదీ వేస్తాం. నలుగురున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. నెలకే డబ్బా అడుగు కనిపించిందంటే చెయ్యి జారుతోందని అర్థం. ఆవకాయకు, ఉసిరికాయ పచ్చడికి వాడిన ఉప్పును కూడా ఈ లెక్కలో వేయాలి. పచ్చడి మానేయమని నేను చెప్పను. నాలుక మీద రుచికి వేసుకోండి, అన్నమంతా పచ్చడితోనే తినొద్దు.

నూనె కూడా అంతే. పోషకాహార సంస్థ చెప్పినట్టు మనిషికి రోజుకు సుమారు 27 గ్రాములంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. పండుగ నెలలో కాస్త పెరిగినా పైనెలలో తగ్గించుకోవచ్చు. ఒకసారి సకినాలు కాల్చిన నూనెను మళ్లీ మళ్లీ మరగబెట్టొద్దు. పొద్దున్నే రోడ్డు పక్క బండి మీద మైసూర్ బోండాలు తినే అలవాటున్నవాళ్లు ఆ మూకుడులో నూనె రంగు చూసి నిర్ణయించుకోండి.

4. చాయ్‌తో పోయే చక్కెరను లెక్కపెట్టండి

చక్కెర రోజుకు 20 నుంచి 25 గ్రాములు మించొద్దని అదే పోషకాహార సంస్థ చెప్పింది. రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ కప్పులో 8 నుంచి 10 గ్రాములు ఉంటుంది. మూడు చాయ్‌లతోనే రోజు వాటా పూర్తవుతుంది. పొలం దగ్గర ఒకటి, సెంటర్లో ఒకటి, ఎవరో పిలిచి ఇప్పించింది ఇంకొకటి అంటూ పోతే ఆరు ఏడు అవుతాయి. మా దగ్గర చాయ్ వద్దంటే మర్యాద తప్పినట్టు అవుతుంది, అది నాకు తెలుసు. అందుకని వద్దనకండి, చక్కెర తక్కువ వేయమని చెప్పండి. రోజూ అడిగితే చాయ్ కాసేవాడే గుర్తుపెట్టుకుంటాడు.

5. ఇంట్లో ఆడవాళ్ల పళ్లెం ముందు చూడండి

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అంటే సగం మందికి పైనే. ఈ ప్రాంతంలో మగవాళ్ల పని మిషన్లు తీసుకున్నా నాట్లు, కలుపు, మిరప కోత ఇంకా ఆడవాళ్ల నడుం మీదే ఉన్నాయి. అందరికీ వడ్డించి, అడుగున మిగిలిన చారుతో తినే ఆనవాయితీ మాత్రం మారలేదు. నా మాట గట్టిగానే చెబుతున్నాను: ఇంటి ఆరోగ్యం అంటే ముందు ఆమె ఆరోగ్యం. గుడ్డు, పాలు, ఆకుకూర, వేటమాంసం ఉన్న రోజు మాంసం ఆమె పళ్లెంలోకీ సమానంగా చేరాలి.

ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టాలంటే సి విటమిన్ ఉన్నది తోడు కావాలి. నిమ్మకాయ పిండుకోండి, జామకాయ తినండి, ఉసిరికాయ తినండి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదు, గంట ఆగి తాగండి. ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ గోళీలను గూట్లో పెట్టి మరిచిపోవద్దు. ఆడపిల్లలకు ఇది మరీ ముఖ్యం.

6. తిన్న తర్వాత పది నిమిషాలు నడవండి

నేను చెప్పే అన్నింటిలో తక్కువ శ్రమకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. అన్నం తిన్నాక గంట, గంటన్నర లోపు రక్తంలో చక్కెర బాగా పెరుగుతుంది. ఆ సమయంలో కాళ్లు కదిలితే తొడల్లోని, పిక్కల్లోని కండరాలు ఆ చక్కెరను నేరుగా లాక్కుని వాడుకుంటాయి. అందుకు వేగంగా నడవనక్కర్లేదు. రాత్రి తిని వాడ చివరి దాకా వెళ్లి రావడం చాలు. తినగానే మంచం ఎక్కి టీవీ పెడితే ఆ చక్కెర అంత తొందరగా దిగదు. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించుకుంటే ఈ నడకకూ వీలుంటుంది, నిద్రా బాగా పడుతుంది.

7. పరుగు మెల్లగా మొదలుపెట్టండి

కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడితే మా రోడ్లన్నీ తెల్లవారకముందే పిల్లలతో నిండుతాయి. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలని పెట్టారు. 1600 అంటే 400 మీటర్ల గ్రౌండులో నాలుగు రౌండ్లు. కొత్తగా వచ్చిన పిల్లాడు మొదటి రౌండు అందరికంటే ముందు ఉంటాడు. రెండో రౌండులో నోరు తెరుచుకుంటుంది. మూడో రౌండులో పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని వంగుతాడు. మొదటి రౌండు వెనకబడ్డట్టు కనిపించినవాడు చివరి రౌండులో అతన్ని దాటిపోతాడు. ఎన్ని బ్యాచ్‌లకు నేర్పినా ఇదే చూశాను.

ఉద్యోగం కోసం కాక ఆరోగ్యం కోసం పరుగెత్తేవాళ్లకు ఈ పాఠం మరింత అవసరం. పరుగెత్తుతూ పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే వేగం ఎక్కువైనట్టే. మొదటి నెల ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున అరగంట చాలు. గుండె, ఊపిరితిత్తులు తొందరగానే అలవాటు పడతాయి. మోకాళ్లు, మడమ వెనక స్నాయువులు మాత్రం అలవాటు పడటానికి నెలలు తీసుకుంటాయి. అందుకే వారానికి మూడు నాలుగు రోజులే పరుగు, మధ్యలో విశ్రాంతి. తారు రోడ్డు కంటే కాల్వకట్ట మట్టిదారి కాళ్లకు మంచిది, వానాకాలం మాత్రం పాములను చూసుకోవాలి. నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పరుగెత్తలేనివాళ్లు దిగులు పడొద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగేది వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, అంటే ఐదు రోజులు అరగంట చొప్పున.

8. ఎండకు, రోడ్డుకు భయపడండి

పంజాబ్ మూలాలున్న ఫౌజా సింగ్ 89 ఏళ్లప్పుడు, 2000లో లండన్‌లో తొలి మారథాన్ పరుగెత్తాడు. 2011లో, వందేళ్ల వయసులో, టొరంటోలో 42 కిలోమీటర్ల పరుగు పూర్తి చేశాడు. వయసు పరుగుకు అడ్డం కాదని ఆయన్ను చూసి లోకం నేర్చుకుంది. ఆయన 2025 జూలైలో 114 ఏళ్లకు కన్నుమూసింది జబ్బుతో కాదు. సొంత ఊరి దగ్గర రోడ్డు దాటుతుంటే వాహనం గుద్దింది.

మన రోడ్ల మీద సిమెంటు లారీలు, వడ్ల లారీలు రాత్రీ పగలూ తిరుగుతాయి. రోడ్డుకు కుడి పక్కన, ఎదురొచ్చే బండి కనబడేలా నడవండి. చీకట్లో లేతరంగు చొక్కా వేసుకోండి. చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. ముగ్గురు నలుగురు వరసకట్టి మాట్లాడుకుంటూ రోడ్డంతా ఆక్రమించొద్దు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఏడు లోపు అన్నీ ముగించేయండి. ఎండదెబ్బకు తల తిరిగితే నీడకు చేర్చి ఒళ్లు తడిపి, తెలివిలో ఉంటే ఓఆర్‌ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకుంటే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు తలకొట్టి వేసి కలపండి. తెలివి తప్పితే 108కి ఫోన్ చేయాలి.

9. నేల మీద కూర్చుని లేవగలగాలి

ముసలితనంలో మనిషిని మంచాన పడేసేది చాలాసార్లు జారిపడటమే. తుంటి ఎముక విరిగితే తిరిగి నడవడం చాలామందికి కష్టమవుతుంది. కండ పోతే కాలు తడబడుతుంది. నడక ఒక్కటే కండను నిలపదు. మన పెద్దలు పీట మీద కూర్చుని తిన్నారు, గొంతుక్కూర్చుని పనులు చేశారు, బరువులెత్తారు. డైనింగ్ టేబులు, కమోడు, సోఫా వచ్చాక ఆ కదలిక పోయింది. మోకాళ్లు సహకరించేవాళ్లు రోజులో ఒక పూటైనా కింద కూర్చుని తినండి, చేతులు ఆనించకుండా లేవడానికి ప్రయత్నించండి. అది వీలుకానివాళ్లు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు కూర్చుని లేవండి. గోడ పక్కన ఒంటికాలి మీద కాసేపు నిలబడండి. రోజూ పళ్లు తోముకునేటప్పుడు చేస్తే దానికి వేరే టైము పెట్టుకోనక్కర్లేదు. ఆడవాళ్లకు బతుకమ్మ తొమ్మిది రోజులూ గంటలకొద్దీ వంగి లేచే ఆట ఉంది. ఆ కదలిక ఏడాదంతా ఉండాలి.

10. నీళ్లు ఎక్కడివో తెలుసుకోండి

ఉమ్మడి నల్లగొండ పేరు ఫ్లోరైడుతో ముడిపడి ఉంది. మోకాళ్లు వంకరబోయిన ఇక్కడి వాళ్ల గురించి పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే రాశారు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు. దాన్ని రంగు చూసి, రుచి చూసి కనిపెట్టలేం, కాచినా పోదు. కాబట్టి శుద్ధి చేసి వచ్చే మిషన్ భగీరథ నీళ్లనే తాగండి, వండండి. పొలం దగ్గర బోరు నీళ్లు తాగేవాళ్లు ఇంటి నుంచి బాటిల్ తీసుకెళ్లండి. పిల్లలకు పాలు, పెరుగు, రాగులు, నువ్వులు తగినంత పెట్టండి. ఎముకకు కాల్షియం అందితే ఫ్లోరైడు చేసే నష్టం తగ్గుతుంది.

11. బీడీ, గుట్కా, మందు

వీటి మీద పెద్ద ప్రసంగం అక్కర్లేదు. ఎంత నడిచినా, ఎంత రాగిజావ తాగినా ఈ మూడింటిలో ఒకటి పట్టుకుంటే చేసిన మేలంతా పోతుంది. మానాలనుకునేవాళ్లు ఒంటరిగా కాకుండా ఇంట్లోవాళ్లకు చెప్పి, డాక్టరు సాయం తీసుకుని మానండి.

12. ముప్పై దాటితే ఏడాదికోసారి పరీక్ష

షుగరు, బీపీ నొప్పి లేకుండా లోపల పనిచేసుకుపోతాయి. ముప్పై దాటినవాళ్లకు ఈ పరీక్షలు పల్లె దవాఖానలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. వరి కోతలయ్యాక తీరిక దొరికిన వారంలో ఇంటిల్లిపాదీ వెళ్లి చేయించుకోండి. గోళీ రాసిస్తే రోజూ వేసుకోండి. నడక మొదలుపెట్టానని, ఆకుపసరు తాగుతున్నానని డాక్టరుకు చెప్పకుండా గోళీ ఆపొద్దు. నడక, తిండి బాగుపడి అంకెలు తగ్గితే మోతాదు తగ్గించే పని ఆయనే చేస్తాడు.

13. ఒకటే పట్టుకోండి, వదలకండి

ఇన్ని చదివి అన్నీ రేపే మొదలుపెడితే వారం తిరక్కుండా అన్నీ ఆగిపోతాయి. ఒక అలవాటు నిలబడాలంటే ఇప్పటికే రోజూ చేసే పనికి దాన్ని కట్టాలి. పాలు పోయించుకోవడానికి వెళ్లేటప్పుడు బండి తీయకుండా నడవడం, మోటరు వేయడానికి పొలం దాకా కాలినడకన పోవడం, రాత్రి కంచం కడగగానే చెప్పులు వేసుకుని బయటికి రావడం, ఇలాంటివి. ఒకటి ఒంటికి పట్టాక రెండోది. ఒక రోజు తప్పితే ఫర్వాలేదు, వరసగా రెండు రోజులు తప్పనివ్వొద్దు. తోడు దొరికితే ఇంకా మంచిది. ఒక మనిషి మన కోసం రోడ్డు మీద ఎదురుచూస్తున్నాడంటే దుప్పటి ముసుగులోంచి లేవక తప్పదు.

ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడిగేవాళ్లకు ఒకే జవాబు చెబుతాను. ఈ రాత్రి అన్నం ఒక పిడికెడు తగ్గించి, ఆ చోట కూర వేసుకోండి. తిని లేవగానే ఇంట్లో ఇంకొకరిని వెంటబెట్టుకుని పది నిమిషాలు నడిచి రండి. రేపు కూడా అదే చేయండి. కాల్వ నీళ్లతో మనకు కడుపు నిండా తిండి దొరికింది, దాన్ని అరిగించే శ్రమను మనమే తిరిగి మన రోజులోకి తెచ్చుకోవాలి. ఆ పని ఏ సర్కారూ, ఏ డాక్టరూ మన బదులు చేయలేరు.